పట్టేసిన బోల్టు, పట్టు వదలని మాస్టారు

హైదరాబాదులో బియ్యం దొరకవని మా ఆవిడకి గట్టి నమ్మకం. దొరికినా అవి ఉడికితే అన్నం కావని ఇంకా గట్టి నమ్మకం. పెద్దమ్మాయి నిజాంపేటలో కాపురం పెట్టింది మొదలు, మేం తోట్లవల్లూరులో బయల్దేరిన ప్రతిసారీ మా మారుతీ 800 వెనకసీటు మీద పాతిక కిలోల బియ్యం బస్తాలు దర్జాగా కూర్చునేవి. డిక్కీలో కొబ్బరికాయలు, లంకలో తవ్విన కంద, పసుపుకొమ్ములు, ఆవకాయ జాడీ. వాటన్నిటి మీదా ఓ అరటిగెల. ఇంకా చోటు మిగిలితే మేమిద్దరం ఎక్కేవాళ్ళం.

796 సీసీ ఇంజను పాపం ఏనాడూ నోరెత్తలేదు. నడుం మాత్రం వంగింది. ఓ పొద్దున ఎదురింటి బాబాయిగారు అరుగు మీంచి కేకేశారు. "మాస్టారూ, మీ కారేంటండీ అలా చతికిలబడింది?" వెనక్కెళ్ళి చూద్దును గదా, చక్రానికీ పైన రేకుకీ మధ్య వేలు దూరే సందు లేదు. ముందు లైట్లేమో ఆకాశంలో చుక్కలు లెక్కపెడుతున్నాయి. రాత్రిళ్ళు కరకట్ట మీద ఎదురొచ్చే ప్రతి ఇసుక లారీవాడూ నన్నెందుకు తిడుతున్నాడో అప్పుడు తెలిసింది.

"నేనెప్పట్నుంచో చెబుతూనే ఉన్నాను, మీరు కాస్త ఒళ్ళు తగ్గాలని" అంది మా ఆవిడ.

చూశారా? బస్తాలు ఆవిడవి, బరువు నాది.

నేను హైస్కూల్లో సైన్సు చెప్పి రిటైరైనవాణ్ణి. స్ప్రింగు అనగానే నాకు మెకానిక్కు గుర్తురాడు, రాబర్ట్ హుక్ గుర్తొస్తాడు. ఎంత బరువు వేస్తే అంత సాగుతుంది, తీసేస్తే మళ్ళీ మామూలుగా అవుతుంది, ఇదంతా స్థితిస్థాపక అవధి లోపలే సుమా అని ఆయన సూత్రాన్ని ఎన్ని బ్యాచ్‌లకి బట్టీ పట్టించానో. 1678లో ఆయన ఆ సంగతి పుస్తకంగా అచ్చువేశాడు. హుక్ గారు జన్మలో పెళ్ళి చేసుకోలేదు. కూతురు లేదు, కూతురింటికి బియ్యం లేవు. అవధి దాటితే ఏమవుతుందో ఆయన కళ్ళారా చూసే అవసరం రాలేదు.

"వెనక స్ప్రింగులు రెండూ మార్చాలి. నేనే మారుస్తాను" అని ప్రకటించాను.

మా ఆవిడ కూరలో ఉప్పు చూస్తోంది. చూసి, "సరే" అంది. ఆ సరేలో తేలికదనం చూసి అప్పుడే నాకు అనుమానం రావాల్సింది.

స్ప్రింగులు తేవడం దగ్గర గొడవేం లేదు. ఈ కారు తయారీ 2014 జనవరిలోనే ఆపేశారు గానీ, బెజవాడ ఆటోనగర్‌లో దీని సామాను దొరక్కపోవడమంటూ ఉండదు. ఆటోనగర్ సంగతి మీకు చెప్పేదేముంది, లారీ విప్పుకుని పట్టుకెళ్ళి బస్సు చేసి తెచ్చుకోవచ్చంటారు. రెండు స్ప్రింగులు గోనెపట్టాలో చుట్టించుకుని, యనమలకుదురు మీదుగా కరకట్టెక్కి, ఏదో యుద్ధంలో ఏనుగుని గెలిచినంత గొప్పగా ఇంటికి వచ్చాను.

ఇక నా పానాల సెట్టు. ఎప్పుడో ఎగ్జిబిషన్‌లో కొన్నది. ఆరో నంబరు నుంచి ఇరవై రెండు దాకా, నీలం రంగు మెత్తటి గుడ్డ పరిచిన పెట్టెలో, దేనికదే తన గుంటలో పడుకుని తళతళా మెరుస్తూ ఉంటాయి. ఏళ్ళ తరబడి చుట్టాలొచ్చినప్పుడల్లా ఏదో వెతుకుతున్నట్టు ఆ పెట్టె తెరిచి, నలుగురూ చూశాక మూసేవాణ్ణి. వాటి మీద అప్పటిదాకా నూనె మరక పడలేదు. మగవాడికి ఇంట్లో ఇలాంటి పెట్టె ఒకటి ఉండి తీరాలి. మీకూ ఉంటుంది, నాకు తెలుసు.

ఈ కారులో వెనక స్ప్రింగు మార్చడం నిజానికి పెద్ద విద్య కాదు. బండిని వెనక నుంచి పైకెత్తి, కింద గట్టి ఆసరా పెట్టి, చక్రం ఊడదీస్తే యాక్సిలూ, దాని మీద నిలబడిన స్ప్రింగూ, పక్కనే షాకబ్జరూ కనిపిస్తాయి. షాకబ్జర్ కింది చివర యాక్సిల్‌కి ఒక బోల్టుతో బిగించి ఉంటుంది. ఆ ఒక్క బోల్టూ తీస్తే యాక్సిల్ కిందికి వేలాడుతుంది, స్ప్రింగు వదులై చేతికొస్తుంది. తియ్యకపోతే రాదు. మొత్తం కథ ఆ ఒక్క బోల్టు చేతిలో ఉంది.

జాకీ ఒక్కటే నమ్ముకుని కారు కిందికి దూరకూడదని అందరికీ తెలిసిందే. కింద పెట్టడానికి గట్టిదేమైనా ఉందా అని ఇల్లంతా వెతికితే పెరట్లో మా అత్తగారి కాలం నాటి రోలు కనిపించింది. దొర్లించుకొచ్చి బాడీ కింద పెట్టి, మీద చెక్క వేశాను. వంటింటి కిటికీలోంచి ఓ గొంతు వినిపించింది. "ఆ రోలుకేమన్నా అయితే మీరు కారు కిందే ఉండిపోండి."

ఎడమవైపు మర్యాదగానే వచ్చింది. కిర్రుమంది, మూలిగింది, కాస్త తుప్పు రాల్చింది, ఊడింది. పాత స్ప్రింగు తీసి కొత్తది పెట్టి, బోల్టు బిగించి, చేతులు దులుపుకుని వంటింటి వైపు చూశాను. కిటికీలో ఎవరూ లేరు. మనం గెలిచినప్పుడు వీళ్ళెప్పుడూ ఉండరు కదండీ.

కుడివైపు దగ్గర మొదలైంది అసలు రామాయణం.

ఆ వైపు బోల్టు తల మీద ఇటుకరంగు పొరలు కట్టి, అది బోల్టో మట్టిగడ్డో తెలియకుండా ఉంది. గీరితే పెంకులు పెంకులుగా ఊడుతోంది. కారణాలన్నీ నాకు తెలుసు. మా కుళాయి కుడివైపే ఉంటుంది, అంట్లు తోమినప్పుడల్లా నీళ్ళు చిమ్మేది ఆ చక్రం మీదే. నల్లరేగడి బురద ఒకసారి అడుగున పట్టుకుందంటే ఎండాకాలం దాకా తడి వదలదు. అన్నిటికీ మించి హంసలదీవి. మాఘపౌర్ణమికి అందరూ కార్లు గట్టున ఆపి నడిచి వెళుతుంటే, మన బండి ఇసకలో కూడా వెళుతుందని మా తోడల్లుడికి చూపించడానికి నేను తిన్నగా అలల దాకా తోలాను. కృష్ణమ్మ సముద్రంలో కలిసే చోట కారుకి కూడా పుణ్యస్నానం చేయించాను. ఇంటికొచ్చాక అడుగున మంచినీళ్ళు కొట్టి కడగాలి. నేను స్నానం చేసి పడుకున్నాను.

ఇనుము తుప్పు పట్టాలంటే గాలీ తేమా రెండూ కావాలని, మూడు పరీక్షనాళికల్లో మూడు మేకులు వేసి ఏటేటా చూపించినవాణ్ణి నేను. ఉప్పు తోడైతే ఆ పని ఇంకా జోరందుకుంటుందనీ చెప్పాను. ఢిల్లీ మెహ్రౌలీలో ఇనుపస్తంభం 1600 ఏళ్ళుగా వానలో నిలబడి ఉందంటే ఆ ఇనుములో భాస్వరం పాలు ఎక్కువ ఉండి, పైన ఓ రక్షణపొర కట్టడం వల్లనని కూడా చెప్పాను. ఇంత చెప్పినవాడి కారుకింద ఆ ప్రయోగం ఇంత దివ్యంగా పండుతోందని మాత్రం చూసుకోలేదు.

వెల్లకిలా దూరాను. పొట్ట పైన అడుగురేకుకి ఆనింది. "కాస్త ఒళ్ళు తగ్గాలి" అన్నమాట చెవిలో మోగింది. పానా వేసి లాగాను. బోల్టు కదల్లేదు. ఇంకా గట్టిగా లాగాను. నేను కదిలాను. గోనెపట్టాతో సహా మట్టిలో ఓ జానెడు జరిగాను. కంట్లో తుప్పు, నోట్లో తుప్పు, జబ్బ మీద ఒక గండుచీమ. చీమని కొట్టడానికి చెయ్యి ఖాళీ లేదు.

మీట పొడవు పెరిగితే బలం పెరుగుతుంది. ఇదీ నేను చెప్పిన పాఠమే. మోటారు షెడ్డులో పడున్న ఇనపగొట్టం తెచ్చి పానా పిడికి తొడిగి, ఆర్కిమెడీస్‌ని తలుచుకుని వేలాడాను. టక్కుమంది. వచ్చేసిందనుకున్నాను. వచ్చింది బోల్టు కాదు, నట్టుకి ఉన్న పలకలు. పానా జారి, నా వేళ్ళ కణుపులు యాక్సిల్‌కి కొట్టుకుని, నట్టు ఆరు పలకలూ పోయి నున్నగా గోలీకాయలా తయారైంది. ఇక దాని మీద ఏ నంబరు పానా నిలబడదు.

ఆ సాయంత్రం డెట్రాయిట్ దగ్గరుండే చిన్నమ్మాయి వీడియోకాల్ చేసింది. వాళ్ళకి తెల్లవారుజాము. మెకానికల్ చదివింది, కార్ల కంపెనీలోనే పని. ఫోను కారుకింద పెట్టి, "చూడమ్మా, ఎంత లాగినా రావట్లేదు" అని ఇంకోసారి లాగి చూపించాను. కాసేపు చప్పుడు లేదు. సిగ్నల్ పోయిందనుకున్నాను.

"నాన్నా, పొద్దుట్నుంచీ ఇలాగే తిప్పుతున్నావా?"

"ఇలాగే."

"బిగిస్తున్నావు నాన్నా."

వెల్లకిలా పడుకుని, తల బంపరు వైపు పెట్టి, అవతల తిరిగి ఉన్న నట్టుని చూస్తే సవ్యం అపసవ్యం తారుమారవుతాయట. ఈ ముక్క ఏ పాఠ్యపుస్తకంలోనూ లేదు. వెనక నుంచి మా ఆవిడ నవ్వు అమెరికా దాకా వినిపించింది.

వాళ్ళ ఊళ్ళో చలికాలం మంచు కరగడానికి రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. డెట్రాయిట్ నగరం కిందే వెయ్యి అడుగులకు పైబడిన లోతులో ఉప్పుగని ఉంది. అందుకని పట్టేసిన బోల్టులంటే అక్కడివాళ్ళకి మనకి దోమలున్నంత మామూలు. అమ్మాయి ఓపిగ్గా చెప్పింది. తుప్పు తను తిన్న ఇనుము కంటే ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది, అందుకే సందు లేకుండా బిరడాలా బిగుస్తుంది. షాకబ్జర్ చివర రబ్బరు బుష్షు ఉంటుంది, దాని మధ్యలో ఓ ఇనపగొట్టం, ఆ గొట్టంలోంచి బోల్టు. చాలాసార్లు నట్టు ఊడినా బోల్టు ఊడదు, ఆ గొట్టానికి లోపల అతుక్కుపోతుంది. తిప్పితే రబ్బరుతో సహా సాగి మళ్ళీ వెనక్కి వస్తుంది. "నూనె పట్టించి వదిలెయ్యి నాన్నా. బలం కాదు, టైమివ్వాలి. నిప్పు మాత్రం పెట్టకు, పెట్రోలు ట్యాంకు పక్కనే ఉంటుంది."

మర్నాడు ఉయ్యూరు వెళ్ళి డబ్ల్యూడీ-40 డబ్బా తెచ్చాను. ఎడమవైపు కొత్త స్ప్రింగు, కుడివైపు పాతది. స్ప్రింగులు ఎప్పుడూ జతగా మార్చాలని ఎందుకంటారో దారిపొడుగునా అర్థమైంది. బండి నడుం మీద చెయ్యేసుకుని నిలబడ్డ పెద్దమనిషిలా ఓ పక్కకి ఒరిగి నడుస్తోంది. చెరకు ట్రాక్టరు తోలుతున్న కుర్రాడు పక్కనే వచ్చి, "మాస్టారూ, అటు టైరులో గాలి లేదండి" అన్నాడు. తర్వాత ఇంకొకాయన. ఆ తర్వాత ఇంకొకాయన. ఊరందరికీ నా మీద ఇంత అభిమానముందని ఆ రోజే తెలిసింది.

"గాలి కాదులెండి, ఒరిగింది డ్రైవరు సీటు వైపేగా" అంది మా ఆవిడ, నేను దిగుతుండగా.

మాట మార్చడానికి డబ్బా చూపించి దాని చరిత్ర అందుకున్నాను. 1953లో అమెరికాలో శాండియాగోలో రాకెట్లకి తుప్పు పట్టకుండా ఉండేందుకు ఈ మందు తయారుచేశారని, తేమని తరిమికొట్టే పాళ్ళు కుదరక కుదరక చివరికి నలభయ్యోసారి కుదిరాయని, ఆ నలభయ్యే పేరులో ఉందని.

"అయితే మీకింకా చాలా ఛాన్సులున్నాయన్నమాట" అని లోపలికెళ్ళిపోయింది.

స్‌స్‌మని కొట్టాను. ఆగాను. నాకు ఆగడం రాదు. అరగంటకోసారి వెళ్ళి లాగి చూసేవాణ్ణి. బియ్యం ఉడికిందా అని మాటిమాటికీ మూతతీసే కొత్తకోడలిని అత్తగారు ఎలా చూస్తుందో మా ఆవిడ నన్నలా చూసింది. ఉలి పెట్టి నట్టు అంచు మీద సుత్తితో కొట్టాను. నట్టు మీద గాట్లు పడ్డాయి, ఉలి మొద్దుబారింది, కదలిక లేదు. సాయంత్రానికి నడుం పట్టేసింది. కారుకింద నుంచి బయటికి రావడానికి ఎదురింటి బాబాయిగారు కాళ్ళు పట్టుకు లాగాల్సి వచ్చింది. ఆ లాగుడు చూసి వీధిలో పోయేవాళ్ళు ఏదో ప్రమాదం జరిగిందని పరుగెత్తుకొచ్చారు. వచ్చినవాళ్ళందరికీ మా ఆవిడ మజ్జిగ ఇచ్చింది. జరిగింది కూడా చెప్పింది. కాస్త కలిపే చెప్పింది.

ఆదివారం పొద్దున్నే, నేను ఒంటికి జండూబామ్ రాయించుకుంటుండగా గేటు దగ్గర మోటారుసైకిలు ఆగింది. ఉయ్యూరు రోడ్డులో షెడ్డు పెట్టుకున్న కుర్రాడు, సంచీలో సామానుతో.

"నిన్నెవరు రమ్మన్నారయ్యా?" అన్నాను గంభీరంగా.

"అమ్మగారేనండి. గురువారమే చెప్పారు. 'శుక్ర, శనివారాలు మాస్టారు చేస్తారు, నువ్వు ఆదివారం పొద్దున రా' అన్నారండి."

గురువారం నాటికి నేనింకా స్ప్రింగులు కూడా కొనలేదు.

ఆ కుర్రాడు కింద దూరి చూసి, "మాస్టారూ, దీనికి కిరసనాయిలు ఎవరు పట్టించారండీ?" అన్నాడు. నేను పట్టించలేదు. అసలు కిరసనాయిలు ఎక్కడిది ఈ రోజుల్లో? మా ఆవిడ తలుపు చాటు నుంచే చెప్పింది, రేషన్‌లో ఇచ్చే రోజుల్లో దాచిన సీసా ఒకటి అటక మీద ఉందట. రెండు రాత్రులూ నేను పడుకున్నాక గుడ్డపేలిక తడిపి ఆ నట్టుకి చుట్టి పెట్టిందట. పొద్దున్నే, నేను లేవకముందే తీసేసిందట.

"మరి నాకు చెప్పొచ్చుగా?"

"చెబితే మీరు అరగంటకోసారి విప్పి చూస్తారుగా."

ఆ కుర్రాడి పనితనం కూడా చెప్పాలి. నట్టుకి ఒక పక్కన పెద్ద సుత్తి ఆనించి పట్టుకున్నాడు, రెండో పక్క చిన్న సుత్తితో టకటకా కొట్టాడు. గట్టిగా కాదు, తబలా వాయించినట్టు. చుట్టూ తిరుగుతూ అదే పని. తర్వాత పైపు రెంచి వేసి, విప్పకుండా ముందు ఓ వెంట్రుకవాసి బిగించాడు. చిటుక్కుమని సన్నటి చప్పుడు. ఎర్రటి పొడి రాలింది. "పొర విరిగిందండి" అన్నాడు. అప్పుడు వెనక్కి తిప్పితే, అన్నప్రాశన నాటి నుంచీ నన్నెరిగినట్టు ఎంతో బుద్ధిగా నట్టు ఊడొచ్చింది. బిగించిన పుణ్యం కొంత నాదీ ఉందని నేనన్నాను. ఎవరూ వినిపించుకోలేదు.

నట్టు వచ్చింది గానీ, మా అమ్మాయి చెప్పినట్టే బోల్టు బుష్షులో రాయై కూర్చుంది. దాన్నింక బతిమాలలేదు. ఆక్సాబ్లేడు తీసి బుష్షుకి అటూ ఇటూ కోశాడు. షాకబ్జర్ పోయినట్టే, కొత్తది వెయ్యాలి, అది కూడా జతగానే. పాత స్ప్రింగు చేతికొచ్చింది. కొత్త దాని పక్కన నిలబెడితే సగం మెట్టు తక్కువుంది. కొత్త బోల్టుకి నిండా గ్రీజు పూసి ఎక్కించాడు గానీ పూర్తిగా బిగించలేదు. చక్రం వేసి, కారుని నేలమీదికి దించి, బరువు చక్రాల మీద పడ్డాక అప్పుడు గట్టిగా బిగించాడు. పైకెత్తి ఉండగానే బిగిస్తే కిందికి దించాక రబ్బరు బుష్షు మెలిపడి తొందరగా చిరుగుతుందట. నేను ఎడమవైపు గాల్లో ఉండగానే బిగించాను. కుర్రాడు నన్నేమీ అనలేదు. వెళ్ళి ఆ బోల్టు తీసి, ఆ వైపు షాకబ్జరూ మార్చి, బండి దించాక మళ్ళీ బిగించొచ్చాడు. ఆ అనకపోవడం కంటే రెండు మాటలన్నా బాగుండేది.

డబ్బులెంతో మా ఆవిడే ఇచ్చింది. నాకు చెప్పలేదు, నేనూ అడగలేదు. రోలు కడిగి పసుపు రాసి మళ్ళీ పెరట్లో పెట్టించింది. పెట్టింది కూడా నాచేతే.

వారం తిరక్కుండా పాత ఇనుము కొనేవాడు తోపుడుబండి మీద వచ్చాడు. నేను వరండాలో పేపరు చదువుకుంటున్నాను. రెండు పాత స్ప్రింగులు, షాకబ్జర్లు, కోసేసిన బోల్టు ముక్కలు తక్కెట్లో వేసి మా ఆవిడ బేరం మొదలెట్టింది. ఉల్లిపాయలా, ప్లాస్టిక్ బకెట్టా అన్న దగ్గర ఆగింది. బకెట్టుకి ఇంకో అరకిలో తగ్గిందన్నాడు వాడు.

ఆవిడ లోపలికెళ్ళింది. తిరిగొచ్చేసరికి చేతిలో నీలం గుడ్డ పెట్టె ఉంది.

నేను పేపరు కొంచెం పైకెత్తి పట్టుకున్నాను. బకెట్టు ఆకుపచ్చది, బాగానే ఉంది.